కాల్‌కు ముందు మైక్ పరీక్ష: మరమగ్గాల హోరులో మాట వినిపించాలంటే

సూరత్: కోర్టు విచారణ, ఉద్యోగ ఇంటర్వ్యూ, వైద్యుడి సలహా, పిల్లల పాఠం వంటివెన్నో నేడు ఫోన్ తెర మీదికి వచ్చాయి. ఆ తెర మీద ముఖం కనిపించి మాట వినిపించకపోతే మనిషి హాజరైనా హాజరు కానట్టే. విచారణలో ఒక కేసుకు దొరికే సమయం కొద్ది నిమిషాలే. అందులో సగం 'వినిపిస్తోందా' అన్న ప్రశ్నకే ఖర్చయిన సందర్భాలు ఆన్‌లైన్ సమావేశాలకు అలవాటు పడిన వారందరికీ తెలిసినవే. ఈ ఇబ్బందుల్లో అధిక భాగం పరికరం చెడిపోవడం వల్ల వచ్చేవి కావు. కాల్‌కు పది నిమిషాల ముందు ఒక క్రమంలో పరీక్షించుకుంటే తొలగిపోయేవే.

సూరత్‌లో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. తాపీ నది ఒడ్డునున్న ఈ నగరం కృత్రిమ నూలు వస్త్రాలకు, వజ్రాల సానకు దేశంలోనే పెద్ద కేంద్రం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి భివండీకి, షోలాపూర్‌కు వెళ్లినట్టే ఇక్కడికీ నేత కుటుంబాలు దశాబ్దాల క్రితమే తరలివచ్చాయి. లింబాయత్, ఉధనా పరిసరాల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ నడుపుతున్న పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఈ కుటుంబాలకు స్వగ్రామంలోని భూమి వివాదం, అక్కడి బంధువుల ఆరోగ్యం, పిల్లల చదువు, ఉద్యోగం అన్నీ ఫోన్‌తో ముడిపడిన విషయాలే. అయితే ఇల్లు మగ్గాల షెడ్డుకు దగ్గరగా ఉంటుంది, లేదా కాల్ వచ్చే వేళకు మనిషి షెడ్డులోనే ఉంటాడు.

కోర్టుల తీరు మారడం ఈ అవసరాన్ని పెంచింది. గుజరాత్ హైకోర్టు 2020 అక్టోబర్ 26న ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం విచారణను యూట్యూబ్‌లో ప్రయోగాత్మకంగా ప్రత్యక్ష ప్రసారం చేసింది. 2021 జులై 17న ఆ సదుపాయాన్ని లాంఛనంగా ప్రారంభించినది నాటి భారత ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 530వ సెక్షన్ విచారణలను, సాక్ష్యాల నమోదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో, దృశ్య శ్రవణ మాధ్యమం ద్వారా జరపడానికి వీలు కల్పిస్తోంది. 2019 నవంబర్‌లో మొదలైన 'ఈ-సంజీవని' వైద్య సేవలోనూ రోగి చెప్పే మాటే వైద్యుడికి ప్రధాన ఆధారం.

తెలుగులో ఒక్క అక్షరం పోతే ఏమవుతుందో చూడటానికి రెండు సంఖ్యలు చాలు. 'ఇరవై', 'అరవై' అన్న మాటలకు తేడా మొదటి అక్షరంలోనే ఉంది. రొదను తగ్గించే సాఫ్ట్‌వేర్ మాట మొదలైన తరువాతే తలుపు తెరుస్తుంది. ఆ ఆలస్యంలో తొలి అక్షరం తెగిపోతే అవతలివారికి చేరేది 'రవై' మాత్రమే. అది జీతం విషయమైనా, మందు మోతాదైనా, వయసైనా మూడింతల తేడా. మైక్ పరీక్ష అంటే గొంతు చేరుతోందో లేదో చూడటం మాత్రమే కాదు. ఇలాంటి అక్షరాలు చేరుతున్నాయో లేదో చూడటం.

ఊదవద్దు, రికార్డు చేసి వినాలి

పెళ్లి పందిళ్ల నుంచి రాజకీయ సభల వరకు మైక్ చేతికి రాగానే ఊదడం, వేళ్లతో టకటకా కొట్టడం, 'హలో, మైక్ టెస్టింగ్' అనడం మనకు అలవాటు. ఊపిరితో తేమ లోపలికి వెళుతుంది. రిబ్బన్ రకం మైకులైతే గట్టిగా ఊదినందుకే పాడైపోతాయి. పైగా ఊదినప్పుడు శబ్దం వచ్చినంత మాత్రాన మాట స్పష్టంగా ఉందని తేలదు.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే. ఏ పరికరంతో కాల్ చేయబోతున్నారో దానితోనే, ఏ చోట కూర్చోబోతున్నారో అక్కడే, మామూలు గొంతుతో అర నిమిషం మాట్లాడి రికార్డు చేసి వినాలి. ఫోన్‌లోని వాయిస్ రికార్డర్, విండోస్‌లోని సౌండ్ రికార్డర్, మ్యాక్‌లోని వాయిస్ మెమోస్ ఇందుకు సరిపోతాయి. వాట్సాప్‌లో తమకు తామే సందేశం పంపుకునే వీలుంది కాబట్టి అక్కడ ఒక వాయిస్ మెసేజ్ పెట్టి వినవచ్చు. వినేటప్పుడు ఫోన్ స్పీకర్‌తో కాకుండా ఇయర్‌ఫోన్‌తో వినడం మేలు. స్పీకర్‌లో వినిపించని గుయ్‌మనే శబ్దం, ఫ్యాన్ గాలి, గది గింగురు ఇయర్‌ఫోన్‌లో బయటపడతాయి.

ఆ అర నిమిషంలో ఏం మాట్లాడాలన్నదీ ముఖ్యమే. 'వన్, టూ, త్రీ' అనడం వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. ఇరవై, అరవై వంటి సంఖ్యలు చెప్పాలి. ప, ఫ, బ, భ ఉన్న మాటలు పలకాలి. ఇవి పలికినప్పుడు పెదవుల నుంచి గాలి దూసుకువస్తుంది కనుక మైక్ మరీ ఎదురుగా ఉంటే 'డబ్' మన్న దెబ్బ వినిపిస్తుంది. మైక్‌ను నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు, చెంప వైపు జరిపితే ఆ దెబ్బ పోతుంది. తరువాత స, శ, ష ఉన్న మాటలు చెప్పాలి. ఇవి నీళ్లలో మునిగినట్టు వినిపిస్తే బ్లూటూత్‌నో, మూసుకుపోయిన మైక్ రంధ్రాన్నో అనుమానించాలి. వాక్యం మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆగి మొదలైన చోట తొలి అక్షరం తెగుతోందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది.

కాల్ యాప్‌లకు సొంత పరీక్షలూ ఉన్నాయి. జూమ్ కంప్యూటర్ యాప్‌లోని ఆడియో సెట్టింగ్స్‌లో మైక్‌ను పరీక్షించే బటన్ ఉంటుంది. అది కొద్దిసేపు రికార్డు చేసి తిరిగి వినిపిస్తుంది. గూగుల్ మీట్‌లో సమావేశంలోకి ప్రవేశించే ముందు వచ్చే తెరపైనే ఆడియో, వీడియో సరిచూసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో పరీక్షా కాల్ సదుపాయం ఉంది. ఒకప్పుడు ఈ పనికి అందరూ వాడిన స్కైప్ సేవ 2025 మే నెలలో ముగిసింది. పాత సూచనల్లో దాని పేరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

మాట అసలే వెళ్లనప్పుడు

రికార్డర్‌లో గొంతు బాగానే ఉండి కాల్‌లో మాత్రం వినిపించకపోతే లోపం మైక్‌ది కాదు, యాప్‌ది. రెండింటిలోనూ లేకపోతే పరికరానిదో, దాని సెట్టింగ్‌దో. ఈ ఒక్క విభజన తెలిస్తే సగం పని అయిపోయినట్టే. చాలామంది ఇది చూడకుండానే ఫోన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. దానివల్ల కొన్నిసార్లు బాగుపడుతుంది కానీ కారణం తెలియదు, మరుసటి రోజు అదే ఇబ్బంది తిరిగి వస్తుంది.

యాప్‌ల వైపు తరచుగా జరిగే పొరపాటు జూమ్‌లో కనిపిస్తుంది. మొబైల్‌లో సమావేశంలోకి వెళ్లగానే ఆడియోను వైఫై లేదా మొబైల్ డేటా ద్వారా కలపాలా అని యాప్ అడుగుతుంది. ఆ ప్రశ్నను మూసేసినవారు సమావేశంలో ఉంటారు, వీడియో కనిపిస్తుంది, ఆడియో మాత్రం కలవదు. తెర కింద మైక్ గుర్తుకు బదులు హెడ్‌ఫోన్ గుర్తు ఉంటే ఇదే జరిగిందని అర్థం. అవతలివారు 'అన్‌మ్యూట్ చేయండి' అంటూ ఉంటారు. ఇవతల అన్‌మ్యూట్ చేయడానికి బటనే ఉండదు. ఆ హెడ్‌ఫోన్ గుర్తును నొక్కి ఆడియోను కలపడమే పరిష్కారం.

తరువాత చూడవలసినది అనుమతి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో, ఐఫోన్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో మైక్రోఫోన్ అన్న చోట ఏయే యాప్‌లకు అనుమతి ఉందో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి పైనుంచి కిందికి లాగే త్వరిత సెట్టింగ్స్‌లో మైక్ అనుమతిని ఒక్క నొక్కుతో మొత్తంగా ఆపే బటన్ చేరింది. జేబులోనో, పిల్లల చేతిలోనో అది నొక్కుకుంటే ఏ యాప్‌లోనూ మాట వెళ్లదు. మైక్ వాడుకలో ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో పై మూలన ఆకుపచ్చ గుర్తు, ఐఓఎస్ 14, ఆపై ఐఫోన్లలో నారింజ రంగు చుక్క వెలుగుతాయి. కాల్‌లో ఉండగా ఆ గుర్తు లేదంటే యాప్ మైక్‌ను అందుకోలేదన్నమాట.

విండోస్ 11లో ఇలాంటి తాళాలు ఒకటి కాదు, మూడు. ప్రైవసీ విభాగంలోని మైక్రోఫోన్ పేజీలో మొత్తం పరికరానికి ఒకటి, యాప్‌లకు ఒకటి, డెస్క్‌టాప్ యాప్‌లకు మరొకటి స్విచ్‌లు ఉంటాయి. మూడూ తెరిచి ఉండాలి. బ్రౌజర్‌లో మాట్లాడేవారు అదనంగా చిరునామా పట్టీ ఎడమవైపు గుర్తును నొక్కి ఆ సైట్‌కు మైక్ అనుమతి ఉందో లేదో చూడాలి. తొందరలో ఒకసారి 'బ్లాక్' నొక్కినవారికి ఆ సైట్ సాధారణంగా మళ్లీ అడగదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీద మైక్‌ను ఆపే మీట, హెడ్‌సెట్ తీగ మధ్యలో చిన్న స్విచ్ కూడా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా తీగ మీది ఈ స్విచ్ కనిపించదు.

ఏ మైక్ పని చేస్తోందన్నది మరో చిక్కు. ల్యాప్‌టాప్‌కు లోపలి మైక్, వెబ్‌క్యామ్ మైక్, హెడ్‌సెట్ మైక్ మూడూ ఉండవచ్చు. మంచి హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడుతున్నా గొంతు దూరంగా, గింగురుతో వినిపిస్తుంటే కంప్యూటర్ లోపలి మైక్‌ను ఎంచుకుని ఉంటుంది. తేల్చుకోవడం తేలిక. రికార్డు ఆన్ చేసి మొదట హెడ్‌సెట్ మైక్‌ను, తరువాత ల్యాప్‌టాప్ అంచును వేలితో మెల్లగా రుద్దాలి. ఏది పెద్దగా వినిపిస్తే అదే పని చేస్తున్న మైక్. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌లోని ఇన్‌పుట్ కింద కావలసినదాన్ని ఎంచుకుని, దాని పేజీలోని పరీక్ష బటన్‌తో శబ్ద స్థాయిని చూడవచ్చు. యాప్‌లోనూ విడిగా ఎంచుకోవాలి. విండోస్‌లో మార్చినంత మాత్రాన యాప్ మారకపోవచ్చు.

ఇంకొక కారణం సాధారణ ఫోన్ కాల్. వీడియో కాల్ మధ్యలో ఎవరైనా మామూలు కాల్ చేస్తే, దాన్ని ఎత్తినప్పుడు మైక్ అటు వెళ్లిపోతుంది. ఆ కాల్ ముగిసిన తరువాత కొన్ని ఫోన్లలో వీడియో యాప్‌కు మైక్ తిరిగి రాదు. బయటకు వచ్చి మళ్లీ చేరడమే మార్గం. ముఖ్యమైన విచారణ లేదా ఇంటర్వ్యూ ఉన్న గంటలో కుటుంబ సభ్యులను ఫోన్ చేయవద్దని ముందే చెప్పి ఉంచడం ఏ సెట్టింగ్ కన్నా గట్టి రక్షణ.

నూలు పొట్టు, పిన్నులు

సూరత్ మగ్గాల షెడ్లలో, అలాగే సిరిసిల్లలో 'సాంచాలు' అని పిలిచే మరమగ్గాల మధ్య పనిచేసేవారి ఫోన్లకు ప్రత్యేకమైన బెడద ఒకటి ఉంది. నూలు పొట్టు గాలిలో తేలుతూ ఫోన్ కింది అంచున ఛార్జింగ్ రంధ్రం పక్కనున్న సన్నని మైక్ రంధ్రంలో పేరుకుంటుంది. చెమట, వానాకాలపు తేమ తోడైతే అది ముద్దగా గట్టిపడుతుంది. గొంతు క్రమంగా మందగిస్తుంది కాబట్టి వాడేవారికి తెలియదు. అవతలివారే గొంతు సరిగా లేదని చెబుతారు.

దీన్ని తొలగించడానికి గుండుసూది గుచ్చడం అందరూ చేసే పని, చేయకూడని పని. రంధ్రం వెనుక సన్నని జాలి, కొన్ని ఫోన్లలో నీటిని అడ్డుకునే పొర ఉంటాయి. వాటి వెనుకనే మైక్. సూది తగిలితే శుభ్రపడటానికి బదులు చిరిగిపోతుంది. మరో ప్రమాదం సిమ్ తీసే పిన్నుతో వస్తుంది. సిమ్ ట్రే రంధ్రం, మైక్ రంధ్రం చూడటానికి ఒకేలా ఉంటాయి. ట్రే పక్కన చిన్న గీత చుట్టూ కనిపిస్తుంది, మైక్ రంధ్రం ఒంటరిగా ఉంటుంది. తొందరలో మైక్ రంధ్రంలో పిన్ను దూర్చినవారు తక్కువేమీ కాదు. పొడిగా, మెత్తగా ఉన్న టూత్‌బ్రష్‌తో రంధ్రం మీద అటూ ఇటూ తుడవడం, ఫోన్ కవర్ తీసి చూడటం సరిపోతాయి. కవర్ సరిపడక రంధ్రం సగం మూసుకుపోవడం, తెరకు అంటించిన రక్షణ పొర అంచు పైకి రావడం కూడా ఇలాంటి మందగింపునే తెస్తాయి.

ఫోన్‌లో ఒకటికి మించి మైకులు ఉంటాయన్న సంగతి ఇక్కడ పనికివస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడేటప్పుడు ప్రధానంగా కింది మైక్ పనిచేస్తుంది. స్పీకర్ ఆన్ చేసినప్పుడు, వీడియో తీసేటప్పుడు పై అంచునో, కెమెరా పక్కనో ఉన్న మైక్ కూడా తోడవుతుంది, కొన్ని ఫోన్లలో అదే ముందుకు వస్తుంది. అందుకే మామూలు కాల్‌లో వినిపించని గొంతు స్పీకర్ కాల్‌లో బాగుంటే కింది మైక్ మూసుకుపోయిందనో, చెడిందనో గట్టిగా అనుమానించవచ్చు. మరమ్మతు అయ్యేదాకా ఇయర్‌ఫోన్ మైక్‌తో పని నడిపించవచ్చు.

హోరును గెలవడం దూరంతోనే

షటిల్ మగ్గాల షెడ్డులో శబ్దం 95 డెసిబెల్‌ల చుట్టూ, కొన్నిచోట్ల అంతకు పైన కూడా ఉంటుంది. పోల్చి చూడటానికి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్‌లు, రాత్రి 45. మామూలుగా మాట్లాడే గొంతు ఒక మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్‌లు. దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. అంటే 20 సెంటీమీటర్ల దగ్గర 74, నోటికి 5 సెంటీమీటర్ల దగ్గర 86. షెడ్డులో మైక్‌ను నోటికి అంత దగ్గరగా పెట్టినా మగ్గాల హోరు గొంతు కన్నా 9 డెసిబెల్‌లు ఎక్కువే. అక్కడ ఏ ఖరీదైన హెడ్‌సెట్టూ పూర్తిగా ఆదుకోలేదు.

అదే మనిషి గోడ అవతలికి వచ్చి హోరు 65 డెసిబెల్‌లకు తగ్గే చోట నిలబడితే లెక్క తిరగబడుతుంది. 5 సెంటీమీటర్ల దగ్గరి మైక్‌లో గొంతు హోరు కన్నా 21 డెసిబెల్‌లు పైన ఉంటుంది. మాట హాయిగా అర్థం కావడానికి సుమారు 15 డెసిబెల్‌ల ఆధిక్యం చాలన్నది సాధారణ లెక్క. అక్కడే ఫోన్‌ను బల్ల మీద పెట్టి మీటరు దూరం నుంచి మాట్లాడితే మళ్లీ గొంతు ఓడిపోతుంది. కాబట్టి చోటు మార్చడం మొదటి పని, మైక్‌ను నోటికి దగ్గర చేయడం రెండోది. రొదను తగ్గించే సాఫ్ట్‌వేర్ ఆ తరువాతే.

ఆ సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట చెప్పాలి. ఫ్యాన్, ఏసీ వంటి ఎడతెగని ఏకరీతి శబ్దాలను అది బాగా తొలగిస్తుంది. షటిల్ దెబ్బల వంటి ఉలికిపాటు శబ్దాలు దానికి కష్టం. వాటిని తొలగించే ప్రయత్నంలో మాటలోని హల్లులనూ కోస్తుంది. జూమ్‌లో దీని స్థాయిని మార్చుకోవచ్చు. నిశ్శబ్దమైన గదిలో ఉన్నప్పుడు దాన్ని తక్కువ స్థాయిలో పెట్టి, హోరు ఉన్నచోట పెంచి, రెండు విధాలుగానూ పరిచయస్తులకు వినిపించి చూడాలి. పాట, వాద్యం వినిపించవలసి వస్తే పూర్తిగా ఆపాలి. లేకుంటే వయొలిన్ నాదాన్ని కూడా అది రొదగానే లెక్కిస్తుంది.

బ్లూటూత్ మీద అతి నమ్మకం

ఖరీదైన బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో పాట ఎంతో ఇంపుగా వినిపిస్తుంది. కాల్ మొదలవగానే అదే ఇయర్‌బడ్స్ పాత టెలిఫోన్‌లా మారిపోతాయి. ఇది లోపం కాదు, పద్ధతి. పాట ఒకవైపే ప్రయాణిస్తుంది. కాల్‌లో మాట రెండు వైపులా వెళ్లాలి కనుక సంప్రదాయ బ్లూటూత్ వేరే విధానానికి మారుతుంది. దాని పాత రూపంలో శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు మాత్రమే నమూనా తీస్తారు, మెరుగైన రూపంలో 16,000 సార్లు. పాటల రికార్డింగ్‌కు వాడేది 44,100 లేదా 48,000. పాత టెలిఫోన్ తీగలు మోసిన శబ్దం 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్యది. స, శ, ష ధ్వనుల బలం ఎక్కువ భాగం అంతకు పైనే ఉంటుంది కనుక అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

అందుచేత విచారణకు, ఇంటర్వ్యూకు తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ మైకే మేలు. అది ఛార్జింగ్ అయిపోయి ఆగిపోదు. పక్క గదిలోని టీవీకో, జేబులోని మరో ఫోన్‌కో వెళ్లి కలవదు. బ్లూటూత్ తప్పదనుకుంటే వినడానికి ఇయర్‌బడ్స్‌ను, మాట్లాడటానికి ల్యాప్‌టాప్ లోపలి మైక్‌ను విడివిడిగా ఎంచుకోవడం ఒక ఉపాయం. తీగ హెడ్‌సెట్‌లోనూ ఒక మెలిక ఉంది. దాని పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే మైక్ ఉన్నట్టు, రెండే ఉంటే వినడానికి మాత్రమే. మూడు గీతల పిన్నును డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనుక ఆకుపచ్చ రంధ్రంలో పెడితే పాట వినిపిస్తుంది, మైక్ మాత్రం పనిచేయదు. మైక్‌ను, స్పీకర్‌ను విడదీసే చిన్న తీగ కావాలి. విద్యుత్ పరికరాల దుకాణాల్లో అది చౌకగానే దొరుకుతుంది.

తన గొంతే తనకు తిరిగి వినిపిస్తుంటే తప్పు సాధారణంగా అవతలివారిది. వారి స్పీకర్ శబ్దం వారి మైక్‌లోకి వెళుతోందని అర్థం. ఒకే గదిలో రెండు ఫోన్లతో ఒకే సమావేశంలో చేరితే కీచుమంటుంది. గొంతు ముక్కలు ముక్కలుగా వెళుతున్నా, సొంత రికార్డింగ్ మాత్రం శుభ్రంగా ఉంటే అది ఇంటర్నెట్ బలహీనత. జూమ్ ఆడియోకు సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు కనుక వీడియోను ఆపితే మాట తరచుగా తేరుకుంటుంది.

రికార్డింగ్‌కు మరో కొలత

కాల్‌లో పొరపాటు జరిగితే మళ్లీ చెప్పవచ్చు. ఇంట్లో పెద్దవారు నేత వలసల కథ చెబుతుంటే, బతుకమ్మ పాట పాడుతుంటే రికార్డు చేసేవారికి ఆ అవకాశం ఉండకపోవచ్చు. ఇక్కడ ప్రధాన శత్రువు శబ్దం మితిమీరడం. కొలమానం సున్నాను తాకితే గొంతు పగిలినట్టవుతుంది, దాన్ని తరువాత ఎవరూ బాగు చేయలేరు. బిగ్గరగా పలికిన మాట కూడా మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్‌ల మధ్య ఆగేట్టు స్థాయిని పెట్టుకోవాలి. తక్కువ శబ్దాన్ని తరువాత పెంచవచ్చు, పగిలినదాన్ని అతకలేం. 48,000 నమూనాలతో 16 బిట్ల ఒకే ఛానల్ వేవ్ ఫైలు గంటకు దాదాపు 345 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. మొదలుపెట్టే ముందు ఫోన్‌లో ఆ మేరకు ఖాళీ ఉందో లేదో చూసుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి.

ల్యాప్‌టాప్‌తో రికార్డు చేస్తుంటే వెనుక సన్నగా గుయ్‌మన్న శబ్దం వస్తే ఛార్జర్ తీసి చూడాలి. తీయగానే ఆగిపోతే అది మన 50 హెర్ట్జ్ కరెంటు తీగల నుంచి వస్తున్నదే. బ్యాటరీ మీదే రికార్డు చేసుకోవడం తక్షణ పరిష్కారం.

గది విషయంలో సూరత్‌వాసులకు ఒక అదృష్టం ఉంది. గాజు అద్దాల క్యాబిన్, టైల్స్ నేల, ఖాళీ గోడలు గొంతును గింగురుమనిపిస్తాయి. గుడ్డ దాన్ని మింగేస్తుంది. రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లలో నేల నుంచి పైకప్పు దాకా చీరల కట్టలు పేర్చిన గది, తలుపు మూసి ఫ్యాన్ ఆపితే, మాట రికార్డు చేయడానికి ఎంతో అనువైన చోటు. స్టూడియోలు డబ్బు పోసి గోడలకు అతికించే మెత్తటి పలకలు చేసే పని అక్కడి సరుకే చేస్తుంది. ఆ అవకాశం లేనివారు పరుపు, దుప్పట్లు ఉన్న పడకగదిని, బట్టల బీరువా తెరిచి దాని ఎదుట కూర్చోవడాన్ని ఎంచుకోవచ్చు.

కోర్టు విచారణలను మాత్రం ఎవరూ సొంతంగా రికార్డు చేయకూడదు. ప్రత్యక్ష ప్రసారం జరుగుతున్నా అనుమతి లేని రికార్డింగ్‌ను గుజరాత్ హైకోర్టు 2021 నిబంధనలు నిషేధిస్తున్నాయి.

ఫోన్ లోపలి మైక్ పరిమాణంలో బియ్యపు గింజంత. 1878లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ లండన్‌లో ప్రదర్శించిన కర్బన మైక్ సూత్రం టెలిఫోన్లలో దాదాపు శతాబ్దం పాటు నడిచింది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించిన ఎలెక్ట్రెట్ మైక్ దాన్ని చాలావరకు తప్పించింది. ఇప్పటి ఫోన్లలో ఉన్నవి సిలికాన్ మీద చెక్కిన మైకులు. అవి తమంతట తాముగా చెడిపోవడం అరుదు. నీరు, దుమ్ము, దెబ్బ, సూది వాటికి ప్రధాన శత్రువులు.

సహాయం అడిగేటప్పుడు జాగ్రత్త అవసరం. మైక్ బాగు చేస్తామంటూ ఫోన్ చేసి, తెరను పంచుకునే యాప్‌ను వేసుకోమని అడిగేవారిని నమ్మరాదు. అది బ్యాంకు ఖాతాకు దారి. అలా డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. మైక్ పరీక్ష పేరుతో ఉన్న అపరిచిత సైట్లకు అనుమతి ఇవ్వడం కన్నా ఫోన్‌లోని రికార్డరే భద్రం. అనుమతి ఇచ్చి ఉంటే పని అయ్యాక సెట్టింగ్స్‌లో దాన్ని వెనక్కి తీసుకోవాలి.

అన్నీ చూసినా గొంతు రాకపోతే మరమ్మతు దుకాణమే దిక్కు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కింది మైక్, ఛార్జింగ్ రంధ్రం ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. అందుకే ఛార్జింగ్ సమస్య, మైక్ సమస్య జంటగా వస్తుంటాయి. ఆ బోర్డు మారిస్తే రెండూ పోతాయి. నాసిరకం బోర్డు వేస్తే ఛార్జింగ్ బాగుపడి మైక్ చెడుతుంది. ఆ దుకాణంలో నిలబడే ఒకసారి రికార్డర్‌లో, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని మామూలు కాల్‌లో, మరోసారి స్పీకర్‌తో మాట్లాడి చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.